మోరీ పైపు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటి ఉంది. వాననీళ్ళు నిలిచిన దారిలో, మూత లేచిపోయి నీళ్ళ కింద కనపడకుండా ఉన్న మ్యాన్‌హోల్ చాంబర్‌లో నా కూతురు మనాలి పడిపోతుందని. మనాలికి ఆరేళ్ళు. బరువు పదిహేడు కిలోలు. అంత చిన్న బరువు పడితే నీళ్ళ మీద ఒక సుడి తిరుగుతుంది. చూసేవాళ్ళకు సంగతి అర్థమయ్యేలోపు ఆ సుడి కూడా ఉండదు.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ముంబై కామాటిపురలో మా గల్లీకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు త్వరగా గుంజుకుపోతాయని ఎవరో చాంబర్ మూత తీసిపెట్టారు. బడి నుంచి వస్తూ నేను కుడికాలు అందులో వేశాను. వెనకాలే వస్తున్న పక్కింటి రాజమల్లు తాత నా సంచి పట్టీ పట్టుకుని పైకి లాగాడు. చెప్పు పోయింది. మిగిలిన ఎడమ చెప్పును మా అమ్మ రెండేళ్ళు అటక మీద దాచిపెట్టింది.

ఆ బడి మేముండే ఒంటిగది ఇళ్ళ చాల్‌కి రెండు గల్లీల అవతల ఉండేది. నేను అందులోనే ఎనిమిది దాకా తెలుగులో చదివాను. ఆపైన అక్కడ తెలుగు తరగతి లేదు. ఇంట్లో నీళ్ళు పట్టడానికి మనిషి కావాల్సి వచ్చింది. నా చదువు అక్కడితో సరి. తర్వాత ఆ బడి గోడలు బీటలిచ్చాయి. మనుషులు ఉండడానికి పనికిరాదని బోర్డు పెట్టి, కూలగొట్టారు. రెండేళ్ళుగా అదే జాగాలో నాలుగంతస్తుల కొత్త బడి లేస్తూ వచ్చింది. జూన్ పదహారున తెరుస్తారని చెబితే మనాలికి ఒకటో తరగతిలో పేరు రాయించాం.

వాడకట్టులో అందరూ తలెత్తి ఆ బడి కిటికీలు చూశారు, రంగు చూశారు. నేను నేల చూశాను. గేటు దగ్గర ఒక పెద్ద చాంబర్ కట్టారు. దాని మూత మీదుగానే పిల్లలు లోపలికి పోవాలి.

"ముంబైల మూతలన్నీ లెక్కవెట్టినవా లేక ఇంకేమన్న మిగిలినయా?" అనేది మా అత్త తారాబాయి. "అగ పూనం, బారిష్ ఇంకా రానేలేదు, నీ కళ్ళల్ల మాత్రం అప్పుడే గల్లీ మునిగింది."

ఆమె మాటలకు నేను జవాబు చెప్పను. చెబితే ఇంకో మాట వస్తుంది.

కట్టడం లోపలికి పోయే వీలు నాకు రొట్టెల వల్ల దొరికింది. పనివాళ్ళలో సగం మంది మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. బయట దొరికే చపాతీ వాళ్ళ నోటికి పట్టదు. జొన్నరొట్టెలు చేసిపెట్టమని చంద్రయ్య కాకా భార్య ఎల్లమ్మ ఇల్లిల్లూ అడుగుతూ మా గడప దాకా వచ్చింది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం నేనూ అత్తా రొట్టెల గంప, పప్పు గిన్నె పట్టుకుని పోయేవాళ్ళం. మనాలి నీళ్ళ సీసా పట్టుకుని మా ముందు నడిచేది. దాన్ని ముందు నడిపించడం నా పద్ధతి. వెనక ఉంటే కనపడదు.

చంద్రయ్య కాకాకు యాభై దగ్గర. పైపులు వేసే ముఠాకు పెద్ద. నా పేరు ఆయన నోట్లో నిలవలేదు.

"పూనమంటే పేరులెక్కనే లేదు బిడ్డా, సగంల ఆగిపోయినట్టున్నది. పూనమ్మ అంటే నిండుగుంటది" అన్నాడు మొదటి రోజే. ఆ మర్నాటి నుంచి మొత్తం ముఠాకు నేను పూనమ్మను.

పని చూసేది నిలేష్. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్, ఇరవై ఆరేళ్ళ మరాఠీ అబ్బాయి. చంద్రయ్య కాకాకు మరాఠీ రాదు, హిందీ అంతంత మాత్రం. నిలేష్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. పప్పు వడ్డిస్తూ నేను వాళ్ళిద్దరి మధ్య మాటలు అటూ ఇటూ మోసేదాన్ని. మా ముత్తాత పాలమూరు నుంచే వచ్చి ఈ ఊళ్ళో రాళ్ళు మోశాడట. నేను మాటలు మోశాను. అందులో కష్టమేమీ ఉండదనుకున్నాను.

నిలేష్ ఒకసారి నాకు డ్రాయింగ్ చూపించాడు. అందులో ఎర్రగీతలూ నీలం గీతలూ ఉన్నాయి. మరుగుదొడ్ల నీళ్ళు, పిల్లలు కంచాలు కడుక్కునే నీళ్ళు ఎర్రగీత వెంట పోయి గేటు దగ్గర పెద్ద చాంబర్‌లో పడతాయి. అది మురుగు లైను. మిద్దె మీద పడ్డ వాన, ఆవరణలో పడ్డ వాన నీలం గీత వెంట పోయి ప్రహరీ పక్కన ఉన్న చిన్న చాంబర్‌లో పడతాయి. అది వాన లైను, దాని దారి సముద్రానికి.

"ఈ రెండూ ఎక్కడా కలవకూడదు వహినీ" అన్నాడు. వహినీ అంటే మన వదిన. "మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి మొదట చూసేది ఇదే. దీనికి కాగితం ఇవ్వకపోతే బడి తాళం తియ్యరు."

"కలిస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"వాన మొత్తం మురుగు లైనులోకి దూరితే అది పట్టుకోలేదు. నీళ్ళు వెనక్కి తంతాయి, మూత లేస్తుంది."

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం. ఆవరణ మూలలో గుంత తీసి ఉంది. గుంతలోకి రెండు పైపులు వచ్చి ఆగి ఉన్నాయి, రెండూ ఒకే లావు, ఒకే రంగు. ఒకటి కంచాలు కడిగే చోటు నుంచి వచ్చింది. ఇంకొకటి ఆవరణలో వాననీళ్ళు పట్టే జాలీల నుంచి వచ్చింది. వాటిని చెరో చాంబర్‌లో కలపాలి. చంద్రయ్య కాకా గుంతలో నిలబడి, ఏది ఎందులోకి అని చేత్తో అడిగాడు. నిలేష్ చెవి దగ్గర ఫోను ఉంది. ఫోను తియ్యకుండానే నాతో మరాఠీలో, "మోరీ పైపు పెద్ద చాంబర్‌లోకి, రెండోది చిన్నదాంట్లోకి అని చెప్పండి" అన్నాడు.

నేను గుంత అంచున నిలబడి చెప్పాను. "కాకా, మోరీ పైపు పెద్ద చాంబర్ల కలపాలంట. రెండోది చిన్నదాంట్ల."

"మోరీదేనా పెద్దదాంట్లకు? జెర గట్టిగ అడుగు."

మళ్ళీ అడిగాను. నిలేష్ తల ఊపాడు.

"ఔ కాకా, మోరీదే."

"గట్లనే గానీ" అని ఆయన వంగాడు.

రెండు రోజుల్లో గుంత పూడ్చారు. మే నెలలో ఆవరణ అంతా సిమెంటు బ్లాకులు పరిచారు. బ్లాకుల మీద మనాలి ఒంటికాలి మీద గెంతుతూ ఆడుకుంది.

జూన్ మూడున మొదటి వాన పడింది. పెద్దదేమీ కాదు, ముప్పావు గంట. మేం రొట్టెలు పెట్టి తిరిగి వస్తుంటే పట్టుకుంది, గేటు దగ్గర టార్పాలిన్ కింద నిలబడ్డాం. నాకు అలవాటే కాబట్టి పెద్ద చాంబర్ మూతనే చూస్తున్నాను. వాన మొదలైన పావుగంటకు మూత చప్పుడు చేసింది. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత కొట్టుకున్నట్టు. తర్వాత మూతలో వేలు పట్టేంత కంత నుంచి నీళ్ళు జానెడు ఎత్తు చిమ్మాయి.

"అత్తా, చూడు."

"చూసిన. కొత్త మూత, సద్దుకుంటది."

"అది మురుగు చాంబర్. వాన పడితే దానికేంది?"

"దాన్నే పోయి అడుగు" అంది అత్త. మనాలి మాత్రం నీళ్ళు చిమ్మడం చూసి చప్పట్లు కొట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాయడం దండగ, వానాకాలంలో నేను ఎప్పుడూ సరిగా పడుకోను. పొద్దున లేచి, నా భర్త అతుల్ చొక్కాలకు పెట్టే నీలిమందు సీసా తీసుకున్నాను. అతుల్ హోటల్‌లో వడ్డిస్తాడు, తెల్లచొక్కా తప్పదు. సీసా దాదాపు నిండుగా ఉంది.

చంద్రయ్య కాకా బీడీ ముట్టించుకుంటూ దొరికాడు. విషయం చెప్పాను. నవ్వలేదు. గడ్డపార తెచ్చి రెండు చాంబర్ల మూతలూ తీశాడు. నేను మనాలిని మెట్ల మీద, చాంబర్లకు దూరంగా, ఎల్లమ్మ ఒడిలో కూర్చోబెట్టాను. బకెట్ నీళ్ళలో నీలిమందు కలిపి ఆవరణలో వాననీళ్ళ జాలీలో పోశాను. ఇంకో బకెట్ మామూలు నీళ్ళు దాని వెనక పోశాను. నీలం గీత నీళ్ళు చిన్న చాంబర్‌లో రావాలి.

చిన్న చాంబర్ ఎండిపోయి ఉంది. అడుగున కాస్త సబ్బునురగ మాత్రం గోడకు అంటుకుని ఉంది. పెద్ద చాంబర్ దగ్గర వంగి చూస్తున్న చంద్రయ్య కాకా అక్కడినుంచి, "గీడ వడ్తున్నయి బిడ్డా" అన్నాడు.

పోయి చూశాను. ఇద్దరు మనుషుల లోతులో, పక్కగోడలోని పైపు నుంచి నీలం నీళ్ళు కారుతున్నాయి.

"కాకా, పైపులు తారుమారైనయి."

"తారుమారెట్లయితయ్? నువ్వు జెప్పినట్టే కలిపిన. మోరీ పైపు పెద్దదాంట్ల."

"మోరీ పైపు ఇది కాదు గద. మోరీ పైపంటే కంచాలు కడిగే దగ్గరికెల్లి వచ్చేది."

ఆయన నా మొహం చూశాడు. "కంచాలు కడిగేది మోరీ ఎట్లయితది? మోరీ అంటే బజార్ల పారేది గాదా? ఇంటి ముంగట, బయట. వాన నీళ్ళు పోయేది మోరీ."

మా చాల్‌లో పుట్టిన ఎవరినైనా అడగండి. ఖోలీలో, అంటే ఉండే ఒంటిగదిలోనే, ఒక మూలన అరడుగు గట్టు కట్టి, అందులో స్నానం చేస్తాం, గిన్నెలు కడుగుతాం. దాన్నే మోరీ అంటాం. మరాఠీవాళ్ళూ అదే అంటారు. నిలేష్ అన్న మోరీ అదే, నేననుకున్న మోరీ అదే. నా ఇరవై తొమ్మిదేళ్ళలో మోరీకి ఇంకో అర్థం ఉంటుందని తెలియదు. చంద్రయ్య కాకాకు ఇంట్లో మోరీ ఉంటుందని తెలియదు. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం. మాట ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"వాన నీళ్ళు బగ్గొస్తయి, గందుకే పెద్దదాంట్ల కలపమన్నరనుకున్న" అన్నాడాయన. "మనసుల గొట్టింది. రెండుమాట్ల అడిగిన గూడ."

అడిగాడు, నిజమే. రెండుసార్లూ అవునని చెప్పింది నేను.

నేను రాత్రింబవళ్ళు ఏ మూతను చూసి భయపడ్డానో, అది లేచేలా చేసింది నా నోటి మాట. ఇందులో ఏడవడానికి ఏమీ కనిపించలేదు. ముందు నిలేష్‌కు చెప్పాలి.

నిలేష్ పదిన్నరకు వచ్చాడు. చాంబర్‌లోకి చూసి నీలం నీళ్ళ మీద ఉమ్మేశాడు. "ఎవడు కలిపాడు?"

"కాకా కలిపిండు. తప్పు నాది" అన్నాను, మరాఠీలో. జరిగింది చెప్పాను.

"మోరీ అంటే మోరీ వహినీ! దానికి అర్థం చెప్పాలా?"

"ఏమంటుండు?" అన్నాడు చంద్రయ్య కాకా.

"మోరీ అంటే మోరీనే అంటుండు."

"నేను గూడ గదే అంటున్న గదా!"

అప్పుడే గంప దించిన అత్త పకపకా నవ్వింది. "ఇద్దరూ ఒక్కటే మాట అనుకుంట కొట్లాడుతుర్రు, పెండ్లాం మొగల లెక్క." తర్వాత చీరకొంగుతో చెమట తుడుచుకుంటూ అంది, "మా నాయనమ్మ గూడ మోరీ అంటే బయటిదే అనేది. అప్పుడు నల్లా గల్లీల ఉండె. నల్లా ఖోలీలకొచ్చింది, దాని ఎంబడి మోరీ గూడ లోపలికొచ్చింది. చంద్రయ్య ఊర్లె ఇంకా బయటనే ఉన్నట్టుంది."

నిలేష్‌కు ఈ చరిత్రతో పనిలేదు. అతను లెక్క వేసుకుంటున్నాడు. ఎల్లుండి పొద్దున మున్సిపాలిటీ ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడు. బ్లాకులు పీకి, మూల గుంత మళ్ళీ తవ్వి, పైపులు కోసి మార్చాలంటే రెండు రోజులు. వాన పడితే మూడు.

"ఒక పని చేద్దాం" అన్నాడు. "ఒక మనిషి పెద్ద చాంబర్‌లోకి దిగి ఆ పైపు నోరు సిమెంటుతో మూసేస్తే చాలు. పదినిమిషాల పని. తనిఖీ రోజు నీళ్ళు కనపడవు. దీపావళి సెలవుల్లో నిదానంగా తవ్వి సరిచేద్దాం."

"అప్పటిదాకా వాన నీళ్ళు యాడికి పోతయి?" అన్నాను.

"ఆవరణలో కాస్త నిలుస్తాయి. పిల్లలు చెప్పులు చేత పట్టుకుంటారు."

ఆ మాటలన్నీ చంద్రయ్య కాకాకు తెలుగులో చెప్పాల్సింది నేనే. కావాలనే చెప్పలేదు. కానీ ఆయనకు 'ఉతర్', అంటే దిగు అనే మాట, నిలేష్ వేలు చూపించిన దిక్కు, రెండూ అర్థమయ్యాయి. భుజం మీద ఆకుపచ్చ తువ్వాల తీసి ముక్కుకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వెందుకు కాకా?"

"నేను జేసిన కిరికిరి. నేనే సూస్కుంట. ఎంతసేపు బిడ్డా, గిట్ల దిగి గట్లొస్త."

ఆ చాంబర్ కొత్తదే. కానీ అది పోయి కలిసేది వీధి కింద ఉన్న పాత మురుగు లైనులో. లోపల గాలి ఎలా ఉంటుందో పైనుంచి తెలియదు. దిగిన మనిషి అరవడానికి కూడా వ్యవధి ఉండదట. ఒకడు రాకపోతే చూడడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ రాడు. మనిషిని అలా దింపకూడదని చట్టమే ఉందని టీవీలో చాలాసార్లు విన్నాను. నిలేష్‌కూ తెలియకుండా ఉండదు.

ఆయన తువ్వాల ముడి వేసుకునేలోపు నేను గడ్డపారతో మూత జరిపాను. బరువుగా ఉంది, ఎల్లమ్మ వచ్చి ఇంకో వైపు పట్టింది. మూత దాని గాడిలో పడింది. మనాలిని పిలిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రొట్టెల గంప పక్కన పెట్టుకుని ఆ మూత మీద కూర్చున్నాను. నా జన్మలో ఏ మూత మీదా కాలు పెట్టలేదు. ఇనుము ఎండకు కాలి, చీరలోంచి చురుకు తగిలింది.

"వహినీ, లేవండి" అన్నాడు నిలేష్.

"నిలేష్ దాదా, ఆ మూల బ్లాకులు తియ్యమను. గుంత కనబడ్డంక లేస్త."

"బడి పదహారున తెరవకపోతే? మీ అమ్మాయే కదా చేరేది?"

బడి వారం ఆలస్యమైతే నాకు లోలోపల సంతోషమే. అది అతనికి చెప్పలేదు.

పన్నెండు దాటింది. ముఠా చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. నేను గంప మీద గుడ్డ తియ్యలేదు.

"పూనమ్మా, గాయన మీది కోపం మా కడుపుల మీదనా?" అన్నాడు ఒకడు.

"తవ్వుర్రి, పెడ్త."

"తినకుంట తవ్వితే గుంతల్నే వడ్తం."

"సగం రొట్టె ఇప్పుడు, సగం తవ్వినంక ఇయ్యి" అని ఇంకొకడు బేరం పెట్టాడు. అందరూ నవ్వారు. నిలేష్ నవ్వలేదు. అతను తినేదీ నా రొట్టెలే.

చంద్రయ్య కాకా ఇంకా తువ్వాల కట్టుకునే నిలబడ్డాడు. "లే బిడ్డా. నా మూలంగ గింత లొల్లి మంచిగ లేదు. దిగొస్త."

అప్పుడు మా అత్త తారాబాయి పప్పు గిన్నె కింద పెట్టి నిలేష్ ముందుకు పోయింది. ఆమె మరాఠీ నా కన్నా గట్టిది.

"బాబూ, పదినిమిషాల పనే గద. నువ్వు దిగు. నువ్వు దిగుతనంటే మా కోడలు ఇప్పుడే లేస్తది. ఆ బూట్లు మాత్రం విప్పి నా చేతికియ్యి, కొత్తవి లెక్కనున్నయి."

నిలేష్ ఆమెను చూశాడు, మూతను చూశాడు. జేబులోంచి ఫోను తీసి దూరంగా పోయి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వినపడలేదు. తిరిగి వచ్చి, "మూల బ్లాకులు తియ్యండి" అన్నాడు. నేను తెలుగులో చెప్పేలోపే ముఠాకు అర్థమైంది.

మొదటి బ్లాకు లేవగానే గంప విప్పాను.

ఆ మధ్యాహ్నం, మర్నాడు మొత్తం పని సాగింది. నిలేష్ కూడా ప్యాంటు మడిచి బ్లాకులు మోశాడు. అది రాయకపోతే అతనికి అన్యాయం చేసినదాన్ని అవుతాను. పైపులు కోసేటప్పుడు నేను గుంత అంచున నిలబడ్డాను. ఈసారి ఎవరూ మోరీ అనే మాట వాడలేదు. 'కంచాల పైపు', 'వాన పైపు' అన్నాం. అయినా చంద్రయ్య కాకా ఒక్కో పైపు మీద సుద్దతో బొమ్మ గీయించాడు, ఒకదాని మీద కంచం, ఒకదాని మీద మబ్బు. గీసింది మనాలి. మబ్బు ఆలుగడ్డలా వచ్చింది.

మర్నాడు సాయంత్రం మిగిలిన నీలిమందంతా జాలీలో పోశాను. చిన్న చాంబర్‌లో నీలం కనిపించింది. పెద్దదాంట్లో ఏమీ రాలేదు. చంద్రయ్య కాకా తువ్వాల తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇప్పుడు నిమ్మలమాయెనా పూనమ్మా?" అన్నాడు. నేను తల ఊపాను. అతుల్ మర్నాడు నీలిమందు లేక పసుపెక్కిన తెల్లచొక్కాతో పనికి పోయి మాటలు పడ్డాడు.

ఇంజనీరు వచ్చాడు, నీళ్ళు పోయించి చూశాడు, మూతల కింద జాలీలు పెట్టమన్నాడు. అవి నాకు నచ్చాయి. మూత లేచినా పిల్ల పడదు. వాటిని బిగించాక కాగితం ఇచ్చాడు. జూన్ పదహారున బడి తెరిచారు. పంతొమ్మిదిన పెద్ద వాన పడింది, సముద్రం పోటు మీద ఉందని రేడియోలో చెబుతున్నారు. నేను బడి గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. మిగతా గల్లీలో పాదాలు మునిగాయి. పెద్ద చాంబర్ మూత కదలలేదు. మనాలి ఆ మూత మీద నుంచే నడిచి బయటికి వచ్చింది, నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను రాయడానికి కూర్చునేదాన్ని కాదు.

బడి పని అయ్యాక ముఠా ఇంకో చోట పనికి కుదిరింది. "దాదర్ దిక్కంట బిడ్డా, పాత మురుగు లైను పనంట" అని చెప్పి పోయాడు చంద్రయ్య కాకా. ఎల్లమ్మ వాళ్ళతో పోలేదు, కూతురు స్వప్న పురిటికని ఊరికి పోయింది. జూన్ ఇరవై ఎనిమిదిన ఆమె నాకు ఫోన్ చేసింది.

"పూనమ్మా, నాలుగొద్దులాయె, మా ఆయన ఫోను కలుస్తలేదు. నీకేమన్న జేసిండా?"

"లేదు చిన్నమ్మా. ఛార్జింగ్ అయిపోయిందేమో."

"గట్లనే అనుకుంటున్న" అంది.

నిలేష్‌ను అడిగాను. ఆ పని వేరే కాంట్రాక్టరుదని, తనకు తెలియదని అన్నాడు. మనాలిని బడిలో దింపి, గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలెక్కి, రెండుసార్లు దాదర్ పోయి వచ్చాను. బడి విడిచేలోపు తిరిగి రావాలి, కాబట్టి ఎక్కువ తిరగలేకపోయాను. మూడు చోట్ల రోడ్డు తవ్వి కనిపించింది. ఒక చోట కాపలా మనిషి, తెలుగు ముఠా ఉండిందని, వారం కింద ముందుకు పోయిందని చెప్పాడు. ముందుకు అంటే ఎటు అని అడిగితే చెయ్యి అన్ని వైపులా తిప్పాడు.

అక్కడ ఎవరు ఏ భాషలో ఏం చెబుతున్నారో, ఆయన దాన్ని ఏమని అర్థం చేసుకుంటున్నాడో నాకు తెలియదు. మూత మీద అడ్డం కూర్చునేవాళ్ళు కూడా ఉండరు. పైగా ఆయన కాదనడు. తప్పు తనదని ఎవరైనా అంటే చాలు, తువ్వాల ముక్కుకు కట్టుకుంటాడు.

ఇది చదివేవాళ్ళు ముంబైలో ఎక్కడున్నా, దాదర్ వైపుగానీ మీ గల్లీలోగానీ రోడ్డు తవ్వి, మూత తీసి, పక్కన మట్టి పోసి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. యాభై ఏళ్ళ మనిషి, నెత్తి మీద ముందువైపు జుట్టు లేదు, భుజాన ఆకుపచ్చ తువ్వాల ఉంటుంది. మూత దగ్గర నిలబడి, "చంద్రయ్య కాకా" అని తెలుగులో పిలవండి. పైనుంచి పలికితే, ఎల్లమ్మకు ఫోన్ చెయ్యమని చెప్పి మీ దారిన పొండి. కిందినుంచి పలికితే మాత్రం పైకి రమ్మనండి, పూనమ్మ రమ్మన్నదని చెప్పండి. ఆయన వచ్చేదాకా దయచేసి అక్కడినుంచి కదలకండి.